పాఠశాలలో చదరంగం: ఫలం ఎంత, పరిమితి ఎంత?

చదరంగాన్ని గురించి మన ఇళ్ళలో రెండు విధాలైన మాటలు వినబడుతూ ఉంటాయి. వెనుకటి తరం పెద్దలు "అది పొద్దుపోనివాళ్ళ ఆట. పరీక్షలు దగ్గర పెట్టుకొని ఆ గళ్ళబల్ల ముందు కూర్చున్నావేం?" అని మందలించేవారు. నేటి తల్లిదండ్రులలో చాలామంది మాట ఇందుకు పూర్తిగా తారుమారు. "చదరంగం నేర్పిస్తే పిల్లవాడి బుర్ర పదునెక్కుతుందట, లెక్కలు బాగా వస్తాయట" అని రుసుము చెల్లించి మరీ శిక్షణకు పంపుతున్నారు. వారానికి ఒక పీరియడు చదరంగానికి కేటాయించాలా, వద్దా అని ఆలోచించే ప్రధానోపాధ్యాయుడు ఈ రెండు మాటలలో దేనిని నమ్మాలి? ఆ పీరియడు గాలిలోనుంచి ఊడిపడదు. ఏదో ఒక పాఠం నుంచో, పిల్లలు పరుగెత్తే ఆటస్థలం నుంచో దానిని తీసుకోవలసిందే గదా! కనుక దీనిని వేడుక కబురుగా కాక, శాస్త్రీయంగా విచారించడం అవసరం.

ముందు ఆట స్వభావాన్ని కొంచెం చూద్దాము. వైకుంఠపాళిలో పాము నోట పడితే ఆ నేరం గవ్వలది. పచ్చీసులో ఓడినవాడు పందెం పడలేదని సరిపెట్టుకుంటాడు. చదరంగంలో గవ్వలు లేవు, పాచికలు లేవు, చేతిలో దాచుకొనే ముక్కలు లేవు. ఇద్దరి బలగమూ సమానం. బల్లమీద ఉన్నదంతా ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది. ఓడిన రాజు నిందించడానికి అదృష్టం దొరకదు. ఇటువంటి ఆట సుమారు 1,400 సంవత్సరాల క్రిందటే చతురంగమనే పేరుతో మన దేశంలో రూపుకట్టి, పారశీకుల ద్వారా అరబ్బులకూ, వారి ద్వారా ఐరోపాకూ చేరినది. పదిహేనవ శతాబ్దం చివర అక్కడ మంత్రికి బలం పెరిగి, ఆట ఇప్పటి వేగాన్ని పొందినది. ఇక్కడ అడ్డంగానూ నిలువుగానూ నడిచేదానిని ఏనుగు అనీ, ఐమూలగా నడిచేదానిని శకటు అనీ అంటున్నాను. ఊరూరా పేర్లు కొంచెం మారుతూ ఉంటాయి. పాఠకులు తమ ఊరి పేరు చెప్పుకోవచ్చును.

చదరంగం వల్ల తెలివి పెరుగుతుందనేవారు మొదట చూపేది విజేతలను. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళ ప్రాయంలో, గ్రాండ్‌మాస్టర్ హోదా పొందినది. అప్పటికి అంత చిన్న వయస్సులో ఆ హోదా పొందిన స్త్రీ ప్రపంచంలో మరొకరు లేరు. 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ఆమె ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినది. గుంటూరు వాడైన పెంటేల హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్. వరంగల్లు యువకుడు అర్జున్ ఇరిగేశి 2024లో 2,800 రేటింగును దాటాడు. వీరిని చూసి గర్వపడవలసిందే. కాని వీరి కథ మన ప్రశ్నకు జవాబు కాదు. వాలీబాలు జట్టులో అందరూ పొడుగుగా ఉంటారు. అంతమాత్రం చేత వాలీబాలు ఆడితే పొడుగవుతారని ఎవరూ అనరు. పొడుగైనవారే ఆ జట్టులో నిలిచారని అంటారు. చదరంగం బాగా ఆడే పిల్లలు లెక్కల్లో కూడా ముందుంటే, ఆట వల్ల లెక్కలు వచ్చినవా, లెక్కలు వచ్చిన పిల్లలే ఆటవైపు మొగ్గారా అన్నది విడదీసి చూడవలసి ఉంటుంది. ఆ పని గత ఎనభై ఏళ్ళలో కొంత జరిగినది.

హాలెండు దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రూట్ స్వయంగా మంచి ఆటగాడు. ఆయన ఆటగాళ్ళ ముందు ఒక స్థితిని పెట్టి, ఆలోచిస్తున్నదంతా బిగ్గరగా చెప్పమని, వారి మాటలను వ్రాసుకొని, 1946లో ఒక సిద్ధాంత గ్రంథం వెలువరించాడు. మేటి ఆటగాడు సామాన్యుని కంటె చాలా ఎక్కువ ఎత్తులు ముందుకు చూస్తాడని మనమంతా అనుకుంటాము. ఆయన చూసినది అది కాదు. ఎన్ని ఎత్తులు ముందుకు చూస్తున్నారన్న దానిలో ఇరువురికీ అంతగా తేడా లేదు. మేటి ఆటగాని కన్ను మొదటనే మంచి ఎత్తు మీద పడుతున్నది, అంతే.

ఎందుకలా పడుతున్నది? 1973లో అమెరికాలో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రకటించారు. నిజమైన ఆట నడుమనుండి తీసిన ఒక స్థితిని అయిదు క్షణాలు మాత్రం చూపి, బల్లను మరుగుపరచి, జ్ఞాపకమున్నంత వరకు పావులను తిరిగి పేర్చమన్నారు. ఇరవై నాలుగైదు పావులలో మేటి ఆటగాడు సుమారు 16 సరిగా పెట్టాడు, మధ్యరకం ఆటగాడు 8, కొత్తవాడు 4. ఇంతవరకు వింత లేదు. తరువాత అవే పావులను అర్థం లేకుండా చిందరవందరగా పేర్చి చూపారు. అప్పుడు మేటి ఆటగాని ఆధిక్యం దాదాపు మాయమైనది! అతనికున్నది మామూలుకంటె పెద్ద జ్ఞాపకశక్తి కాదన్నమాట. తెలుగు చదవనేర్చిన పిల్ల ఒక చిన్న వాక్యాన్ని ఒక్క చూపులో పట్టి అప్పజెప్పగలదు. అవే అక్షరాలను కలగాపులగం చేసి ఇస్తే అయిదారు దాటి చెప్పలేదు. మేటి ఆటగానికి కోట కట్టుకొన్న రాజు, ఆయన ముందు మూడు బంట్లు, పక్కన ఏనుగు, అన్నీ కలిపి ఒకే "మాట". కొత్తవానికి అవి అయిదు విడివిడి అక్షరాలు.

ఉపాధ్యాయులకు ఇంకా ఆసక్తి కలిగించేది 1978లో మిషెలిన్ చీ అనే పరిశోధకురాలు చేసిన పోలిక. చదరంగం వచ్చిన పదేళ్ళ ఈడు పిల్లలను, ఆటలో వారికంటె తక్కువ అనుభవమున్న పెద్దలను ఆమె తీసుకొన్నది. పావుల స్థితులను జ్ఞాపకం పెట్టుకోవడంలో పిల్లలు పెద్దలను మించారు. అంకెల వరుసలను అప్పజెప్పమన్నప్పుడు మామూలు ప్రకారం పెద్దలే ముందున్నారు. చదరంగం పిల్లల జ్ఞాపకశక్తిని పెంచి ఉంటే అంకెల్లో కూడా అది కనబడాలి. కనబడలేదు. పెరిగినది చదరంగపు జ్ఞానం.

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి ఈ చోట ఒక పాత పాఠం స్ఫురించి ఉంటుంది: శిక్షణ బదలాయింపు. ఒకప్పుడు లాటిన్ భాష, రేఖాగణితం చదివితే మనస్సుకు సాము చేయించినట్లై, ఏ పనికైనా ఆ బలం అక్కరకు వస్తుందని పాశ్చాత్య దేశాల విద్యావేత్తలు నమ్మేవారు. 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ ఆ నమ్మకాన్ని పరీక్షించారు. ఒక రకం ఆకారాల వైశాల్యాన్ని కంటితో అంచనా వేయడంలో బాగా సాధన చేసినవారు, ఆకారమూ పరిమాణమూ మార్చేసరికి ఆ నైపుణ్యాన్ని అంతగా వెంట తీసుకొనిపోలేకపోయారు. రెండు పనులలోనూ సమానమైన అంశాలు ఎన్ని ఉంటే అంతమేరకే ఒకదాని సాధన రెండవదానికి అందుతుందని వారు తేల్చారు. చదరంగం విషయంలో మన ఆశ ఆ పాత లాటిన్ ఆశకు తోబుట్టువే.

మరి పాఠశాలల్లోనే పరీక్షించి చూశారా? చూశారు. 2016లో సాలా, గొబే అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన 24 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. చదరంగం నేర్చిన పిల్లలకు కొద్దిపాటి మేలు, చదువులో కంటె లెక్కల్లో కాస్త ఎక్కువగా, కనిపించినది. సుమారు 25 గంటలకు మించి నేర్పినచోట మేలు ఇంకొంచెం ఎక్కువ. అయితే ఆ పరిశోధకులే ఒక లోపాన్ని ఎత్తిచూపారు. చాలా అధ్యయనాలలో చదరంగం నేర్చినవారిని, కొత్తది ఏదీ నేర్వని వారితో పోల్చారు. తరగతిలోకి ఏ కొత్త పని వచ్చినా పిల్లలకు హుషారు వస్తుంది, పంతులుగారికీ వస్తుంది. ఆ హుషారు చేసిన మేలు ఎంత, చదరంగం చేసిన మేలు ఎంత? విడదీయడానికి వీలు లేకపోయినది. మందు గుణం తెలుసుకోవడానికి వైద్యులు కొందరికి ఉత్తి పిండిమాత్ర ఇచ్చి చూస్తారు. ఇక్కడ ఆ పిండిమాత్ర లేదు.

అదే సంవత్సరం ఇంగ్లండు నుంచి మరింత పెద్ద పరీక్ష ఫలితం వచ్చినది. నూరు ప్రాథమిక పాఠశాలలను తీసుకొని, చీటీలు వేసినట్లుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో తొమ్మిది పదేళ్ళ పిల్లలకు బడివేళల్లోనే 30 గంటల చదరంగం పాఠాలు ఏర్పాటు చేశారు. రెండవ భాగంలో మామూలు చదువే. ఒక ఏడాది గడచిన తరువాత అందరూ వ్రాసే గణిత పరీక్షలో మార్కులు చూశారు. తేడా లేదు. చదువడంలోనూ, విజ్ఞాన శాస్త్రంలోనూ లేదు. పిల్లలు మాత్రం ఆ పాఠాలను ఇష్టపడ్డారు. ఆర్మీనియా దేశం 2011లోనే ప్రాథమిక తరగతుల్లో చదరంగాన్ని నిర్బంధ పాఠ్యాంశం చేసినది. కాని ఒక దేశం ఒక పని చేసినదంటే ఆ పని ఫలించినదని రుజువు కాదు.

ఈ ఫలితం విని చదరంగపు బల్లలను బీరువాలో పెట్టి తాళం వేయడం తొందరపాటు. 2016లోనే ఇటలీనుండి వెలువడిన ఒక అధ్యయనం ఈ చిక్కుముడికి ఒక కొసను చూపుతున్నది. 931 మంది ప్రాథమిక విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చదరంగం లేదు. రెండు గుంపులకు చదరంగం నేర్పారు. కాని ఒక గుంపుకు చదరంగపు సమస్యలను ఏ విధంగా ఆలోచించి విప్పాలో ఆ పద్ధతులను కూడా విడమరచి చెప్పారు, రెండవ గుంపుకు అవి చెప్పలేదు. తరువాత గణిత సమస్యలిచ్చి చూస్తే, పద్ధతులు నేర్చిన గుంపే మిగిలిన రెండింటినీ మించినది. పద్ధతి చెప్పకుండా చదరంగం ఆడించిన గుంపు, అసలు ఆడని గుంపుకంటె మెరుగుగా లేదు. ఒక్క అధ్యయనం మీద మేడ కట్టరాదు. అయినా థార్న్‌డైక్ చెప్పినదానికి ఇది చక్కగా అమరుతున్నది. చదరంగానికీ గణితానికీ నడుమ వాగు ఉన్నది. పిల్లవాడు దానిని తనంతట తాను దాటడు. వంతెన వేయవలసినది ఉపాధ్యాయుడు. నా ఉద్దేశంలో పాఠశాల చదరంగానికి ప్రాణం అక్కడనే ఉన్నది.

వంతెన ఎట్లా ఉంటుందో కొన్ని మచ్చులు చూపుతాను. బల్లమీద అడ్డువరుసలకు 1 నుండి 8 వరకు అంకెలు, నిలువు వరుసలకు ఎ నుండి హెచ్ వరకు అక్షరాలు పెడతారు. ప్రతి గడికీ ఒక అక్షరం, ఒక అంకె. గ్రాఫు కాగితం మీద బిందువుకు చెప్పే నిరూపకాలు ఇవే. దీనికి పెద్దగా వివరణ అక్కరలేదు. గోధుమ గింజల కథ కూడా అందరికీ తెలిసినదే: మొదటి గడిలో ఒక గింజ, తరువాత గడిగడికీ రెట్టింపు, మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615.

ఇంతకంటె మంచి లెక్క ఒకటి ఉన్నది. ఆట మొదట్లో తెలుపుకు ఎన్ని ఎత్తులు సాధ్యం? ఎనిమిది బంట్లకు రెండేసి, రెండు గుర్రాలకు రెండేసి, మొత్తం 20. నలుపుకు కూడా అంతే. కనుక చెరి ఒక ఎత్తు అయ్యేసరికి 400 తీరులు. ఇక మూడవ ఎత్తుకు 400ను మళ్ళీ 20తో గుణించి 8,000 అంటాడు విద్యార్థి. సరియైన సంఖ్య 8,902. ఆ 902 ఎక్కడనుండి వచ్చినవి? బంటు కదలగానే దాని వెనుక ఉన్న శకటుకో, మంత్రికో, రాజుకో దారి తెరచుకొన్నది. అందుచేత ఎత్తులు పెరిగినవి. గుణకార సూత్రాన్ని ఎప్పుడు వాడవచ్చునో, ఎప్పుడు వాడరాదో పిల్లలకు ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. నాలుగవ ఎత్తుకు ఆ సంఖ్య 1,97,281 అవుతుంది. పూర్తి ఆటలు ఎన్ని సాధ్యమో 1950లో క్లాడ్ షానన్ అంచనా వేశాడు: ఒకటి ప్రక్కన 120 సున్నలు. యంత్రం కూడా అన్నీ లెక్కించి ఆడలేదని చూపడానికి ఆయన ఈ లెక్క వేశాడు.

రేఖాగణితం తరగతికి రాజు నడక ఉపయోగపడుతుంది. త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడవ భుజంకంటె పెద్దదని మనం నేర్పుతాము. రాజు నడిచే లోకంలో ఇది చెల్లదు. హెచ్8 గడిలో ఉన్న రాజు నేరుగా హెచ్4కు దిగడానికి నాలుగు ఎత్తులు కావాలి. జి7, ఎఫ్6, జి5 గళ్ళ మీదుగా వంకరగా పోయినా నాలుగే! రాజుకు ఐమూల అడుగూ, తిన్నని అడుగూ ఒకటే దూరం. 1921లో రిచర్డ్ రెటి అనే ఆటగాడు ఈ ఒక్క సంగతిమీద ఒక సమస్య కల్పించాడు. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో ఉన్నవి. నల్లరాజు ఎ6లో, నల్లబంటు హెచ్5లో ఉన్నవి. ఎత్తు తెలుపుది. నల్లబంటు నాలుగు అడుగులలో మంత్రి అవుతుంది. తెల్లరాజు వెంటబడి నేరుగా పరుగెత్తితే దానిని అందుకోలేడు. తెల్లబంటు ముందుకు పోదామంటే నల్లరాజు ప్రక్కనే కాచుకొని ఉన్నాడు. చూడగానే ఎవరైనా తెలుపు ఓడినదంటారు. కాని తెల్లరాజు జి7కు, అక్కడనుండి ఎఫ్6కు ఐమూలగా నడుస్తాడు. ఒకే అడుగుతో శత్రు బంటుకూ, తన బంటుకూ కూడా దగ్గరవుతున్నాడు! నల్లరాజు తెల్లబంటును తినడానికి కాలం వెచ్చిస్తే, తెల్లరాజు మళ్ళి నల్లబంటును పట్టుకుంటాడు. నల్లబంటే పరుగెత్తితే, తెల్లరాజు తన బంటు చెంతకు చేరి దానిని గట్టెక్కిస్తాడు; ఇరువైపులా మంత్రులు పుట్టి ఆట సమం. పిల్లలచేత పావులు కదిలించి చూపితే ఈ సమస్య దగ్గర తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దంలో అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: రాజుకు సరిగా రెండు అడుగుల దూరంలో ఉన్న గళ్ళన్నిటికీ రంగు వేస్తే ఏ ఆకారం వస్తుంది? బల్ల నడుమ పెట్టి వేసి చూస్తే 16 గళ్ళ చతురస్రం వస్తుంది. కేంద్రానికి సమాన దూరంలో ఉన్న బిందువుల సముదాయం వృత్తమని బట్టీ పట్టిన పిల్లవాడు, దూరాన్ని కొలిచే తీరు మారితే వృత్తమే చతురస్రమవుతుందని అప్పుడు గ్రహిస్తాడు.

గణితాన్ని ప్రక్కన పెట్టి, ఆటలోనే ఉన్న మరొక మేలును గురించి కొంచెం చెప్పాలి. పోటీలలో ఆటగాడు ప్రతి ఎత్తునూ కాగితంమీద వ్రాసుకొంటాడు. ముట్టిన పావును కదపవలసిందేనన్న నియమం కూడా ఉన్నది. ఆట ముగిసిన తరువాత ఇద్దరూ కూర్చొని ఎక్కడ ఎవరు పొరపడ్డారో వెదకడం వాడుక. పరీక్షలో తప్పిన లెక్క ఎందుకు తప్పినదో చూడమంటే పిల్లలు ఎంతగా విసుగుకుంటారో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. అదే పిల్లలు ఓడిపోయిన ఆట కాగితం తీసి, "పదిహేడవ ఎత్తులో గుర్రాన్ని చూడలేదండీ" అని తామే చెబుతారు. తన ఆలోచన జాడ తన చేతివ్రాతలోనే చిక్కి ఉండడం చిన్న విషయం కాదు. అప్పుడు ఉపాధ్యాయుడు "ఆ సమయంలో నీవు ఏమనుకొన్నావు? అవతలివాడు ఏమనుకొని ఉంటాడు?" అని అడగాలి. అడగకపోతే అది ఓడిన కాగితంగానే మిగిలిపోతుంది. ఈ అలవాటు పరీక్ష మార్కులలో కనబడుతుందని నేను హామీ ఇవ్వను. ఇది తనంతట తానే నేర్వదగినదని మాత్రం అంటాను.

ఖర్చు స్వల్పం. అట్టముక్కమీద గళ్ళు గీసి, సీసా మూతలమీద పావుల పేర్లు వ్రాసి అతికిస్తే ఆట సిద్ధం. నలభైమంది తరగతికి ఇరవై బల్లలు చాలు. చూపు లేని పిల్లలకు నల్లగళ్ళు కొంచెం ఎత్తుగా, పావులు గుచ్చడానికి ప్రతి గడిలోనూ రంధ్రంతో ఉండే బల్లలు ఉన్నవి. చేతితో తడిమి, చూపున్నవారితో సమానంగా ఆడగలరు. ఇట్లా సమానంగా కలసి ఆడదగిన ఆటలు బడిలో ఎక్కువ లేవు. ఆడపిల్లలు, మగపిల్లలు, పైతరగతివారు, క్రిందితరగతివారు ఎదురెదురు కూర్చోవచ్చును. అయితే రెండు జాగ్రత్తలు. చదరంగం పీరియడును వ్యాయామం పీరియడునుండి కోయవద్దు. పిల్లలు కూర్చొనే గంటలు ఇప్పటికే చాలా ఎక్కువ. ఇష్టం లేనివాడిని బలవంతాన కూర్చోబెట్టి, "ఇది నీ తెలివికి మంచిది" అనవద్దు. అది నిజమని తేలలేదు గదా.

మొదటి వారం తరగతిలో ఇవ్వదగిన ప్రశ్నతో ముగిస్తాను. గుర్రం నడకతో బల్లమీది 64 గళ్ళనూ, ప్రతి గడినీ ఒక్కసారే ముట్టుతూ, తిరిగి రావడం మన పూర్వులకు తెలిసిన వినోదమే. తొమ్మిదవ శతాబ్దంలో రుద్రటుడు తన కావ్యాలంకారంలో సగం బల్లమీద గుర్రం నడకను శ్లోకాక్షరాలతో అమర్చి చూపాడు. 1759లో ఆయిలర్ పూర్తి బల్లకు గణితరీత్యా విచారణ చేశాడు. గుర్రం ఎప్పుడు కదిలినా తెల్లగడినుండి నల్లగడికి, నల్లగడినుండి తెల్లగడికి దూకుతుంది. ఇప్పుడు ప్రశ్న: ఎ1 మూలన బయలుదేరిన గుర్రం, అన్ని గళ్ళనూ ఒక్కొక్కసారి ముట్టి, సరిగా ఎదుటి మూల హెచ్8లో ఆగగలదా? పిల్లలు ఒక గంటసేపు పావును త్రిప్పి త్రిప్పి అలసిపోనివ్వండి. ఆ తరువాత మొత్తం ఎన్ని దూకులో, ఆ రెండు మూలల రంగులేమిటో అడగండి.